వంతెన కింద ఇరవై ఒక్క తాళాలు

మార్చి 4

చెల్లాయికి,

'అన్నయ్య వ్రాయునది ఏమనగా' అని మొదలుపెడితే నువ్వు నవ్వుతావు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తున్నాను. విషయం ఏమీ లేదు. మీ వదిన కులాసా. నేను మోకాలు తప్ప మిగతా అంతా కులాసా.

ఉత్తరాలెందుకు, ఫోను చెయ్యొచ్చు కదా అంటుంది మీ వదిన. మొన్న చేశాం కదా. రెండో నిమిషానికల్లా చిన్నప్పుడు నీ సైకిలు అమ్మేసింది ఎవరన్న దగ్గరికి వచ్చాం, నాలుగో నిమిషానికి నువ్వు పెట్టేశావు. ఉత్తరమైతే నీ కోపం నాకు చేరడానికి నాలుగైదు రోజులు పడుతుంది. దారిలో కొంత చల్లారుతుంది.

దుకాణం ఎప్పటిలాగే ఉంది. ఆరడుగుల వెడల్పు, లోపల నేనూ, ఆకురాళ్లూ, గోడ నిండా తాళంచెవులూ. నిన్న ఒక పెద్దమనిషి తాళంచెవి ఇంట్లోనే మర్చిపోయి తలుపు వేసేసుకుని నా దగ్గరికి వచ్చాడు. వెళ్లి చూస్తే పక్కన కిటికీ బార్లా తెరిచి ఉంది. అందులోంచి దూరొచ్చు కదండీ అంటే, వీధిలో పరువు పోతుందయ్యా అన్నాడు. పరువు నిలబెట్టి డబ్బులు తీసుకుని వచ్చాను.

ఈ మధ్య ఇళ్ల లోన్ల కంపెనీ నుంచి వారానికొక ఎర్రగీత కవరు వస్తోంది. అది నా చేతికిచ్చేటప్పుడు పోస్టుమాను మొహం పక్కకి తిప్పుకుంటున్నాడు. మీ వదిన వాటిని కుట్టుమిషను సొరుగులో పడేస్తోంది. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. నువ్వు కంగారు పడాల్సిందేమీ లేదు.

ఇంటి కోసం నువ్వు దాచుకుంటున్నది ఎంతవరకు వచ్చింది? నువ్వొక రూపాయి వేస్తే మీ ఆఫీసు ఇంకో రూపాయి కలుపుతుందని ఇక్కడ చెప్తే నన్ను వింతగా చూస్తున్నారు.

నీ అన్నయ్య
(సైకిలు అమ్మింది నేను కాదు)


మార్చి 11

అన్నయ్యా,

కంగారు పడొద్దని రాశావు చూడు, అక్కడే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎర్రగీత కవరంటే ఏమిటో నాకు చెప్పాలా? పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా నా బల్ల మీద పడేవి అవే కదా. వాయిదాలు తప్పి ఇల్లు పోయేలా ఉన్నవాళ్లని కూర్చోబెట్టి, కాగితాలు చదివి, ఇల్లు నిలబెట్టే దారి వెతకడమే నా ఉద్యోగమని మర్చిపోయావా? ఊరందరికీ దారి చెప్పే నాకు సొంత అన్నయ్య ఇంటి మీద లోను ఉందని తెలియదు. ఎంత సిగ్గు.

తిట్టను. వదినని అడిగానని చెప్పు, ఆవిడని కూడా తిట్టను. కానీ సొరుగు తెరిచి ఆ కవర్లన్నీ తేదీల వరసలో పెట్టు. చదవకుండా ఉంచినంత మాత్రాన అందులో ఉన్నది మారదు. దేని మీదా సంతకం పెట్టకు. ఎన్ని నెలలు కట్టలేదో, ఎందుకు కట్టలేదో ఉన్నది ఉన్నట్టు రాయి. ఒక ఫారం ఈ ఉత్తరంతో పంపుతున్నాను. నీ వంకర రాతలోనైనా సరే, నింపి పంపు.

ముఖ్యమైన మాట. ఒకరోజు సంచీ పట్టుకుని తాళం మార్చే మనిషి వస్తాడు. వాడికి తలుపు తియ్యకు. ఇక్కడికి వచ్చేవాళ్లు వాడి గురించే ఎక్కువ చెప్తారు. అప్పిచ్చినవాడి మొహం వాళ్లు చూసి ఉండరు, తాళం మార్చినవాడి మొహం మాత్రం మర్చిపోరు. ఆ పని చేసేవాళ్లకి కళ్లూ చెవులూ ఉండవేమో, రెండు చేతులుంటాయంతే. నువ్వూ తాళాల పనివాడివే కదా, అలాంటివాళ్లని చూస్తే నీకు ఒళ్లు మండదూ?

నా దాచుకోవడం బాగానే సాగుతోంది. ఇంకో ఎనిమిది నెలలకి ఐదేళ్లు నిండుతాయి. రెండు గదులు చాలు, ఒక కిటికీ తూర్పుకి ఉంటే మరీ మంచిది. ఇల్లు కట్టి చూడు అని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

వెంటనే జవాబు రాయి.

నీ చెల్లెలు
(సైకిలు అమ్మింది నువ్వే)


మార్చి 17

చెల్లాయీ,

మాకు లోనూ లేదు, గీనూ లేదు. ఈ రెండు గదులూ ఎవరికీ బాకీ లేవు, పైకప్పు తప్ప. అది వాన వచ్చినప్పుడల్లా నాకు బాకీ గుర్తుచేస్తుంది. నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. తాళం మార్చే మనిషి దగ్గర ఆవిడ నన్ను ఆపి, ఆ వాక్యం మళ్లీ చదవమంది. చదివాను. ఆ పూట నా అన్నం నన్నే వడ్డించుకోమంది.

నీ ఫారం మాత్రం పారెయ్యలేదు. అది ఇంకొకరికి పనికొస్తుంది. రైలు వంతెన కిందుగా వెళ్తే వచ్చే వీధిలో ఇస్త్రీ చేసే ఆవిడ ఒకామె ఉంది. ముందు గదిలో పొడుగాటి బల్ల, రెండు కరెంటు ఇస్త్రీపెట్టెలు. ఒకటి కాగేలోపు ఇంకోటి నడుస్తూ ఉంటుంది. కాలర్లు మడిచే పద్ధతి చూస్తే నీకు ముచ్చటేస్తుంది. వెనక గదిలో మంచం, పొయ్యి. ఆ ఇల్లు ఏడేళ్ల కిందట లోను మీద కొనుక్కుంది. పోయినేడాది మెట్ల మీంచి జారి మణికట్టు విరిగింది. మూడు నెలలు ఇస్త్రీపెట్టె ఎత్తలేకపోయింది, మూడు వాయిదాలు కట్టలేకపోయింది. చెయ్యి నయమయ్యాక మళ్లీ కడుతూనే ఉంది కానీ, కట్టినదంతా జరిమానాల కింద పోతోందట. ఏప్రిల్ 20న ఆ ఇంటికి తాళం మార్చాలని కంపెనీ నిర్ణయం.

నేను పని మీద ఆ వైపు వెళ్లినప్పుడు తెలిసింది. ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు. ఇలాంటివాళ్లకి ఏదైనా దారి ఉంటుందా? ఆవిడ తరఫున నేను అడుగుతున్నాను, అంతే. నువ్వు లేనిపోనివి ఊహించుకోకు.

నీ అన్నయ్య


మార్చి 23

అన్నయ్యా,

ఈ కుర్చీలో కూర్చుని తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో తన కోసం వచ్చానన్నవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు. అందరూ పక్కింటివాళ్ల కోసమే వస్తారు. ఒకాయన తన బావమరిది కోసమంటూ నెల రోజులు తిరిగాడు. చివరికి ఫారంలో సంతకం దగ్గర తన పేరే రాసి నాలుక కరుచుకున్నాడు. నువ్వు వాళ్లందరి కంటే తెలివైనవాడివి. మణికట్టు, మెట్లు, రెండు ఇస్త్రీపెట్టెలు కూడా కల్పించావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట.

సరే, నీ ఇష్టప్రకారమే మాట్లాడుకుందాం. ఆ ఇస్త్రీ ఆవిడకి దారి ఉంది. జబ్బు వల్ల తప్పిన వాయిదాలకి గడువు అడిగే హక్కు ఆవిడకి ఉంది. ఆస్పత్రి కాగితం, లోను తీసుకున్నప్పటి అసలు ఒప్పందం, కట్టిన రసీదులు దొరికినన్ని జాగ్రత్త చెయ్యమను. ఆ ఇస్త్రీ ఆవిడకి మోకాలు నొప్పి కూడా ఉంటే చూపించుకోమను. అన్నిటికంటే ముందు ఆ ఇస్త్రీ ఆవిడ తన భార్యకి నిజం చెప్పాలి. భార్యలకి చెప్పకుండా దాచినవాళ్ల ఇళ్లే తొందరగా పోతాయి. ఇది నా అనుభవం.

ఇంకో సంగతి. ఇరవయ్యో తారీఖు అంటే నెల కూడా లేదు. ఉత్తరాలతో కాలక్షేపం చేసే సమయం కాదిది. నేను దాచుకున్నది తీసేస్తున్నాను. ఐదేళ్లు నిండకుండా తీస్తే ఆఫీసు కలిపిన సగం పోతుంది. పోనీ. తూర్పు కిటికీ లేకపోతే సూర్యుడు ఉదయించడం మానడు. ఒకటో తారీఖున మేనేజరుగారికి కాగితం ఇస్తాను, వారంలో డబ్బు నీకు చేరుతుంది. వద్దని రాయకు. రాసినా చదవను.

నీ చెల్లెలు


మార్చి 27

చెల్లాయీ,

ఆగు. ఏ కాగితమూ ఇవ్వకు. ఈ ఉత్తరం మామూలు డబ్బాలో వెయ్యకుండా పోస్టాఫీసుకి వెళ్లి తొందరగా వెళ్లే టపాలో వేస్తున్నాను.

ఇస్త్రీ ఆవిడకి భార్య ఎందుకుంటుంది? ఆ వాక్యం నేను మూడుసార్లు చదివాను. మీ వదినకి ఒక్కసారి చదివితేనే అర్థమై, నవ్వింది. పది రోజుల తర్వాత ఈ ఇంట్లో అదే మొదటి నవ్వు. తర్వాత నా ఎదురుగా కూర్చుని, ఇప్పుడైనా రాస్తారా, నన్ను రాయమంటారా అంది. చెప్తే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. ఇక్కడ పోయేది నీ ఐదేళ్ల కష్టం కూడా. కాబట్టి రాస్తున్నాను.

ఆ ఎర్రగీత కవర్లు బాకీ కాగితాలు కావు. పని కాగితాలు. ఏ ఇంటికి ఏ రోజు తాళం మార్చాలో వాటిలో ఉంటుంది. సంచీ పట్టుకుని వచ్చే ఆ మనిషిని నేనే.

పోయినేడాది బజారులో తాళంచెవులు చేసే మిషను వచ్చింది. నేను అరగంట రుద్దేది అది అర నిమిషంలో చేస్తుంది. మూడు నెలలు దుకాణం అద్దె కట్టలేదు. అప్పుడు కంపెనీవాళ్లు వచ్చారు. ఒక్కో ఇంటికి మామూలు కంటే మూడింతలు ఇస్తామన్నారు. మొదటి ఇంట్లో దుమ్ము తప్ప ఏమీ లేదు. రెండోదీ ఖాళీయే. ఎవరూ లేని ఇళ్లకి తాళం వేస్తే తప్పేమిటి అనుకున్నాను. మూడో ఇంట్లో పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. అక్కడ ఆపాల్సింది. ఆపలేదు. ఇప్పటికి ఇరవై మూడయ్యాయి.

ఇస్త్రీ ఆవిడ నిజంగా ఉంది. నా పద్ధతి నీకు తెలుసు కదా, తాళం మార్చే ముందు ఒకసారి వెళ్లి తలుపు కొలుచుకుంటాను, ఆ రోజున చెక్క పగలగొట్టకుండా పని అయిపోవాలని. అలా వెళ్లాను. గుమ్మం దగ్గర కొలబద్ద తీసేసరికి ఆవిడ టీ తెచ్చి ఇచ్చింది. ఎవరో తెలియక ఇస్తోందనుకున్నాను. అప్పుడు మెల్లగా అంది:

"పక్కింటి రంగులాయన ఇంటికి తాళం వేసింది మీరే కదండీ. కొలత సరిగ్గా తీసుకోండి. తలుపు మంచిది, పాడుకాకూడదు."

పక్కింట్లో ఇళ్లకి రంగులు వేసే ఆయనా, భార్యా ఉండేవాళ్లు. నవంబరులో వాళ్ల ఇల్లు మూసింది నేనే. నేను టీ తాగాను చెల్లాయీ. తాగి, బాగుందమ్మా అని కూడా అన్నాను.

నువ్వు రాసింది నిజమే. రెండు చేతులుంటాయంతే. ఇప్పుడు నాకు జవాబు రాయాలో వద్దో నీ ఇష్టం. ఆవిడకి మాత్రం రాయి.

అన్నయ్య


ఏప్రిల్ 1

అన్నయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేకపోయాను.

నీ ఉత్తరం అందేసరికే మేనేజరుగారికి కాగితం ఇచ్చేశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, బాకీ తీర్చడానికంటున్నారు, ఆ లోను కాగితం మీరు చదివారా అని అడిగారు. లేదన్నాను. చదవని లోను కోసం దాచుకున్నది తియ్యనివ్వకూడదని మన రూలు, ఆ రూలు రాసింది మీరే అన్నారు. నిజమే, నాలుగేళ్ల కిందట నేనే రాశాను. నా కాగితం నాకే తిరిగి ఇచ్చేశారు. తూర్పు కిటికీ దక్కింది. అందుకు సంతోషించే తీరిక ఇంకా దొరకలేదు.

నిన్ను తిట్టడానికి ఉత్తరం చాలదు, అది ఫోనులో చేస్తాను. ఇస్త్రీ ఆవిడకి నా తరఫున క్షమాపణ చెప్పు. ఆవిడ లేదన్నాను, పైగా ఒక భార్యని కూడా కట్టబెట్టాను.

ఇక పని. ఆవిడ ఒప్పందం నకలు తీసి పంపు, ప్రతి పేజీ. ఇంకొకటి. పెట్టిన ప్రతి తాళాన్నీ వీధి, ఇంటి నంబరు, తేదీతో సహా పుస్తకంలో రాసుకోవడం నీకు అలవాటు. ఆ ఇరవై మూడూ ఏ వీధుల్లో ఉన్నాయో చూసి చెప్పు.

చెల్లెలు


ఏప్రిల్ 5

చెల్లాయికి,

మూడోసారి చదవలేకపోయినా జవాబు రాశావు. అది చాలు.

పుస్తకం నేను తెరవలేకపోయాను. మీ వదిన తెరిచి ఒక్కొక్కటీ పైకి చదివింది. నేను ఊరి పటం గీసి చుక్కలు పెట్టాను. ఇరవై మూడు చుక్కల్లో ఇరవై ఒకటి వంతెన కింది వీధుల్లోనే పడ్డాయి. వంతెనకి ఇవతల పై వీధుల్లో రెండే. ఏడాది పాటు ఆ వంతెన కిందుగా సైకిలు మీద వెళ్లి వచ్చాను, నాకెప్పుడూ ఆ సంగతి తట్టలేదు. మీ వదిన మాత్రం, కిందివాళ్లే పేదవాళ్లు కాబట్టి కట్టలేకపోయారంటారు రేపు కంపెనీవాళ్లు, దానికేం చెప్తుంది మీ చెల్లెలు అంది. ఆవిడ నీ కుర్చీలో కూర్చోవాల్సిన మనిషి.

అందుకని ఇంకో పని చేశాను. పై వీధుల్లో చెప్పుల దుకాణం ఆయన నాకు పాత ఖాతాదారు. ఇదే కంపెనీలో ఇస్త్రీ ఆవిడ తీసుకున్న నెలలోనే, అంతే మొత్తం, అన్నే ఏళ్లకి లోను తీసుకున్నాడు. రాబడి కూడా ఇంచుమించు ఆవిడదంతే, తన నోటితోనే చెప్పాడు. కాగితం చూపించమంటే గర్వంగా చూపించాడు, నకలు కూడా తీసుకోనిచ్చాడు. పక్కపక్కన పెట్టి చూశాం. ఇస్త్రీ ఆవిడ కాగితం నాలుగో పేజీలో 'ఏరియా చార్జీ' అని ఒక గడి ఉంది. అందులో వడ్డీకి పైన ఇంకో మూడు శాతం వేశారు. చెప్పులాయన కాగితంలో అదే గడి ఖాళీగా ఉంది.

ఆవిడకి చెప్పాను. ఆ గడి మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. తర్వాత, ఏడేళ్లుగా నేనే సరిగ్గా సర్దుకోలేకపోతున్నానని నన్ను నేనే తిట్టుకుంటున్నానండీ అంది.

పుస్తకం నకలు కాదు, అసలుదే పంపుతున్నాను. నా చేతిరాత, నా సంతకం. ఇది బయటికి వస్తే కంపెనీ నాకు ఇంక పని ఇవ్వదు. ఇరవయ్యో తారీఖు పని నేను చెయ్యనని నిన్ననే రాసి ఇచ్చేశాను కూడా. పోస్టాఫీసు దాకా మీ వదిన నా వెంటే వచ్చింది. తోడు కోసం అంది. దారిలో మనసు మార్చుకుంటానేమోనని నాకు తెలుసు.

అన్నయ్య


ఏప్రిల్ 14

అన్నయ్యా,

నీ పుస్తకాన్ని మా ఆఫీసులో అందరూ చూశారు. ఇంత శుభ్రంగా రాసుకున్నవాడికి ఇంత బుద్ధిలేని పని ఎలా చెయ్యబుద్ధేసిందని మేనేజరుగారు అడిగారు. ఆ ప్రశ్న నీకే పంపుతున్నాను.

నువ్వు రాసిన చిరునామాలు పట్టుకుని మావాళ్లు ముగ్గురు కాళ్లకి బలపాలు కట్టుకుని తిరిగారు. ఇల్లు వదిలి వెళ్లినవాళ్లలో పద్నాలుగు కుటుంబాలు దొరికాయి. కొందరు చుట్టాల ఇళ్లలో, కొందరు అద్దె గదుల్లో ఉన్నారు. పద్నాలుగు ఒప్పందాల్లోనూ అదే గడిలో అదే మూడు శాతం ఉంది. మనిషి ఎలా కడతాడన్నది చూడలేదు, ఏ వీధిలో ఉంటాడన్నది చూశారు. వదిన అడిగినదానికి ఇదే జవాబు. పేదవాళ్లు కాబట్టి కట్టలేకపోయారనడానికి వీల్లేదు. ఆ మూడు శాతం లేకపోతే ఇస్త్రీ ఆవిడకి మణికట్టు విరిగే నాటికి ఐదు వాయిదాలకి సరిపడా చేతిలో మిగిలి ఉండేది. నేను లెక్కేసి చూశాను.

లోన్ల ఫిర్యాదులు చూసే అధికారి దగ్గర నిన్న అర్జీ పెట్టాం. అందిందన్న రసీదు ఈ ఉత్తరంతో ఉంది. విచారణ అయ్యేదాకా ఆ ఇంటిని ముట్టుకోకూడదన్న ఉత్తర్వు అడిగాం. అది ఇరవయ్యో తారీఖు లోపల వస్తుందో రాదో చెప్పలేను. నువ్వు వెళ్లనంటే కంపెనీ ఇంకొకణ్ణి పంపుతుంది. రసీదుకి తాళం ఆపే బలం లేదు. అయినా ఆవిడ చేతిలో ఉండనీ.

తాళం మార్చేవాళ్లకి రెండు చేతులుంటాయంతే అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను. నువ్వూ తీసుకోమని అడగవు, నాకు తెలుసు. కానీ ఆ పుస్తకం ఆఫీసు బల్ల మీద పెట్టి, ఇది మా అన్నయ్య రాసిందని చెప్పినప్పుడు నేను తల దించుకోలేదు.

నీ చెల్లెలు


ఏప్రిల్ 21

చెల్లాయీ,

నిన్నటి సంగతి మొత్తం రాస్తాను, తొందరపడి చివరికి వెళ్లకు.

పొద్దున్న ఎనిమిదింటికల్లా ఇస్త్రీ ఆవిడ గుమ్మం మెట్టు మీద కూర్చున్నాను. మీ వదిన కూడా వచ్చి లోపల బట్టలు మడతపెట్టసాగింది. ఇస్త్రీ ఆవిడ రోజూలాగే పనిలో ఉంది. ఇల్లు ఉన్నా పోయినా ఈ చొక్కాలు సాయంత్రానికి ఇవ్వాలండీ అంది.

ఊళ్లో తాళాల పనివాళ్లం నలుగురం ఉన్నాం. ముగ్గురి దగ్గరికీ ముందే వెళ్లి ఈ పని ఒప్పుకోవద్దని బతిమాలుకున్నాను. ఇద్దరు సరేనన్నారు. మూడోవాడు గడియారం స్తంభం దగ్గరుండే బట్టతల ఆయన. ఏడాదంతా మూడింతలు నువ్వు తిని, నా వంతు వచ్చేసరికి నీతులు చెప్తావా అన్నాడు. నిజమేనని ఒప్పుకుని వచ్చేశాను.

పదకొండింటికి ఆయనే వచ్చాడు, సంచీతో. లేవమన్నాడు. లేవలేదు. రసీదు తీసి చదవమన్నాను. కళ్లజోడు తేలేదన్నాడు. నాది ఇచ్చాను. నా పక్కనే మెట్టు మీద కూర్చుని చదివాడు. ఇది ఉత్తర్వు కాదుగా, వట్టి రసీదేగా అన్నాడు. అవును, వట్టి రసీదే అన్నాను. అబద్ధం చెప్పాలని లేదు. ఇరవై మూడు తలుపుల సంగతి చెప్పాను, వెచ్చగా ఉన్న పొయ్యి సంగతి కూడా. ఆయన వింటూ నా కళ్లజోడు తుడుస్తూ కూర్చున్నాడు. చివరికి లేచి, నాకు బజారులో ఇంకో పని ఉంది, సాయంత్రం నాలుగింటికి వస్తాను, అప్పటికీ ఇదే కాగితం చూపిస్తే మాత్రం నేను ఊరుకోను అన్నాడు. నా కళ్లజోడు పెట్టుకునే వెళ్లిపోయాడు.

మూడున్నరకి మోటారు సైకిలు మీద మీ ఆఫీసు మనిషి వచ్చాడు. కళ్లజోడు లేక నాకు ఒక్క అక్షరం కనపడలేదు. మీ వదిన చదివింది. విచారణ ముగిసేదాకా ఆ ఇంటి తాళం ఎవరూ ముట్టుకోరాదు అని ఉంది. ఇస్త్రీ ఆవిడ విని, చేతిలో ఉన్న చొక్కా చివరి మడత దాకా పూర్తి చేసి, పక్కన పెట్టి, అప్పుడు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. మీ వదిన రెండు ఇస్త్రీపెట్టెల ప్లగ్గులూ తీసేసి ఆవిడ పక్కన కూర్చుంది.

నాలుగింటికి బట్టతల ఆయన వచ్చి ఉత్తర్వు చదివి, కళ్లజోడు నాకిచ్చి, హమ్మయ్య అన్నాడు.

నీ అన్నయ్య


జూన్ 18

అన్నయ్యా,

విచారణ అయిపోయింది. వంతెన కింది వీధుల ఒప్పందాలన్నిటిలోంచీ ఆ మూడు శాతం తీసెయ్యాలని, ఇంతవరకు వసూలు చేసింది అసలు కింద జమ చెయ్యాలని అధికారి తీర్పు ఇచ్చారు. ఇస్త్రీ ఆవిడ బాకీ సగానికి సగం తగ్గింది, జరిమానాలు రద్దయ్యాయి. ఆవిడ ఇల్లు ఆవిడదే. తగ్గిన వాయిదాలో మిగిలేదాన్ని మా ఆఫీసు బయటివాళ్లకి కూడా నడిపే దాచుకునే పథకంలో వేస్తుందట, పెద్ద ఇస్త్రీ మిషను కోసం. అడగకముందే ఫారం నింపి పంపింది. ఆవిడ రాత ముత్యాల్లా ఉంది, నువ్వూ చూసి నేర్చుకో.

అన్నీ మంచి కబుర్లే కావు. నువ్వు తాళం వేసిన ఇళ్లలో చాలా వాటిని కంపెనీ ఎప్పుడో అమ్మేసింది. అవి వెనక్కి రావు, వాళ్లకి పరిహారం వస్తుందంతే. అమ్ముడుపోకుండా మిగిలినవి మూడు. వాటిని అసలువాళ్లకి తిరిగి ఇవ్వాలి. అందులో రంగులాయన ఇల్లు ఒకటి. ఆ మూడు తాళాలూ ఎవరు తీస్తారని మేనేజరుగారు అడిగారు. వేసినవాడే తీస్తాడని చెప్పాను. డబ్బు ఇవ్వం.

నీకు కూడా ఒక ఫారం పంపుతున్నాను. అద్దె దుకాణంలో ఇంకా ఎన్నాళ్లు? నెలకి ఎంత చిన్న మొత్తమైనా సరే, నువ్వొకటి వేస్తే మేమొకటి వేస్తాం. ఇదైనా పక్కింటివాడి కోసం కాకుండా నీ కోసం నింపు.

నీ చెల్లెలు


జూన్ 29

చెల్లాయికి,

ఫారం నింపాను, వదిన సాక్షి. కంపెనీ పని పోయాక చెయ్యి కాస్త ఇబ్బందిగానే ఉంది కానీ, బట్టతల ఆయన ఇనప్పెట్టెల పని వస్తే నన్ను కూడా పిలుస్తున్నాడు. ఇద్దరం ఒకే కళ్లజోడుతో నెట్టుకొస్తున్నాం.

మూడు తలుపులూ తెరిచాను. మొదటి రెండింటి దగ్గర ఎవరూ నన్ను గుర్తుపట్టలేదు, లేదా గుర్తుపట్టనట్టు ఊరుకున్నారు. మూడోది రంగులాయనది. ఆయన పనికి వెళ్లాడు, ఆయన భార్య ఒక్కతే వచ్చింది. రిక్షా నిండా సామాను, పైన రంగు డబ్బాలు. ఇస్త్రీ ఆవిడ తన గుమ్మంలో నిలబడి చూస్తోంది.

కంపెనీ తాళం విప్పి, నా డబ్బుతో కొన్న కొత్త తాళం బిగించాను. ఆవిడ నా వెనక నిలబడి చూసింది. పని అయ్యాక నవంబరులో నేను చేసిన తప్పు చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపేసింది. నాకు తెలుసు నువ్వెవరివో, ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను అంది.

కొత్త తాళంతో మూడు తాళంచెవులు వస్తాయి. మూడూ ఆవిడ చేతిలో పెట్టి, ఇవి తప్ప ఇంకోటి లేదమ్మా, నా దగ్గర కూడా లేదు అని చెప్పాను. ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంది. ఒకటి తాను ఉంచుకుంది. ఇంకోటి మొగుడి కోసమని కొంగున ముడి వేసుకుంది. మూడోది నా వైపు చాచింది.

"ఇది నీ దగ్గర ఉండనీ. మా ఆయన తాళంచెవులు పారేసుకునే రకం."

తీసుకోవడానికి చెయ్యి రాలేదు. ఆవిడే నా సంచీలో వేసి, లోపలికి వెళ్లి కిటికీలు తెరుచుకుంది.

చెల్లాయీ, ముప్పై ఏళ్లుగా ఎన్నో వేల తాళంచెవులు చేశాను. దుకాణంలో గోడ నిండా మేకులున్నాయి. ఈ ఒక్కటి మాత్రం ఎక్కడ తగిలించాలో తెలియక జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

నీ అన్నయ్య